గర్భవిచ్ఛిత్తి: చట్టం ఎవరిని కాపాడుతోంది?

పాఠకుల ప్రశ్నలు – న్యాయవాది సమాధానాలు

గర్భవిచ్ఛిత్తిని చట్టం అనుమతించాలా, నిషేధించాలా అన్న విషయంపై ఈ నెల అందిన ఉత్తరాలలో ఐదింటికి ఈ సంచికలో సమాధానాలిస్తున్నాను. రాసినవారి వివరాలు బయటపడకుండా పొడి అక్షరాలే ఉంచాను. గడువుతో ముడిపడిన రెండు ఉత్తరాలకు సంచిక వెలువడేదాకా ఆగకుండా విడిగా కూడా జవాబు పంపాను.

ప్రశ్న: నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. కడుపులో పడిన నలుసును తీసివేయడాన్ని మన పెద్దలు భ్రూణహత్య అన్నారు, మహాపాపమన్నారు. అలాంటి పనిని ప్రభుత్వమే చట్టం చేసి అనుమతించడం నాకు మింగుడుపడటం లేదు. ఆడపిల్ల అని తెలుసుకుని కడుపులోనే చంపే ఘోరానికి తలుపులు తీసింది ఈ చట్టమే కదా? పూర్తిగా నిషేధిస్తే వచ్చే నష్టమేమిటి?
– కె. వి. ఎస్., తెనాలి

సమాధానం: మాస్టారూ, మీ ఉత్తరంలోని బాధ నిజమైనదని నాకు తెలుసు. పిండాన్ని ఏనాటి నుంచి మనిషిగా లెక్కించాలన్న ప్రశ్నకు న్యాయశాస్త్రం దగ్గర సమాధానం లేదు. గుండె ఏ వారంలో కొట్టుకోవడం మొదలుపెడుతుందో వైద్యులు చెప్పగలరు గానీ, ఆ చప్పుడు తల్లి జీవితం కన్నా ఎంత బరువైనదో చెప్పలేరు. అది ఎవరి నమ్మకాన్ని బట్టి వారు తేల్చుకోవలసిన విషయం. మీ నమ్మకం ప్రకారం మీ ఇంటివారు నడుచుకోవడానికి మన చట్టం ఏ విధంగానూ అడ్డు రాదు. పైగా స్త్రీకి ఇష్టం లేకుండా గర్భం తీయించినవారికి యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. అయితే మీరు అడుగుతున్నది ఇంతకన్నా పెద్దది. మీ నమ్మకం లేని స్త్రీని కూడా జైలు భయంతో అదే దారిలో నడిపించాలని మీరు కోరుతున్నారు. ఇక్కడే నేను మీతో ఏకీభవించలేకపోతున్నాను.

నిషేధం మనకు కొత్త సంగతి కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 312వ సెక్షన్, తల్లి ప్రాణం కాపాడటానికి సద్భావంతో చేసిన సందర్భంలో తప్ప, గర్భస్రావం చేసినవారికి మూడేళ్ల వరకు, కడుపులో కదలిక తెలిసిన తరువాత చేస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించింది. తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీని సైతం నేరస్తురాలిగానే లెక్కవేసింది. నూరేళ్లకు పైగా అమలులో ఉన్న ఆ నిషేధం గర్భస్రావాలను ఆపలేకపోయింది. నాటు మందులు మింగి, పుల్లలు పెట్టించుకుని, రక్తం పోయి, చీము పట్టి చనిపోయినవారి గురించి మీ తరంవారు చిన్నతనంలో గుసగుసగానైనా వినే ఉంటారు. ఆ మరణాలను చూసే కేంద్ర ప్రభుత్వం 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. 1966లో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ చట్టం వచ్చినా 312వ సెక్షన్ రద్దు కాలేదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 88వ సెక్షన్‌గా ఇప్పటికీ ఉంది. అంటే మన దేశంలో గర్భవిచ్ఛిత్తి మూలంలో నేరమే. 1971 చట్టం పెట్టిన షరతులకు లోబడి చేసిన డాక్టరుకు మాత్రం ఆ నేరం అంటదు. ప్రభుత్వం విచ్చలవిడిగా అనుమతి ఇచ్చేసిందన్న మీ అభిప్రాయం అందువల్ల సరికాదు.

ఇక పూర్తి నిషేధం ఏం చేస్తుందో చూడటానికి రుమేనియాను మించిన ఉదాహరణ నాకు తెలియదు. జనాభాను పెంచాలన్న పట్టుదలతో చౌషెస్కు ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను దాదాపుగా నిషేధించింది. జననాలు కొద్దికాలం పెరిగి, మళ్లీ తగ్గిపోయాయి. స్త్రీలు చాటుమాటు దారులు వెతుక్కున్నారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిపోయే నాటికి సుమారు పది వేల మంది స్త్రీలు అక్రమ గర్భస్రావాల వల్ల చనిపోయారని అంచనా. నిషేధాన్ని ఎత్తివేసిన మరుసటి ఏడాదే ప్రసూతి మరణాల రేటు సగానికి దిగివచ్చింది. ఆసుపత్రులు అవే, డాక్టర్లు వారే, పేదరికం కూడా అదే. మారినది చట్టం ఒక్కటే.

ఆడపిల్లల విషయంలో మీ ఆవేదనను నేనూ పంచుకుంటున్నాను. ఆరేళ్లలోపు పిల్లలలో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001 జనగణనలో 927 మంది ఉంటే, 2011 నాటికి 920 కన్నా దిగువకు పడిపోయారు. అయితే ఆ పాపానికి 1971 చట్టాన్ని బాధ్యురాలిని చేయకండి. పిండం ఆడదా మగదా అన్నది ఆ చట్టంలో ఎక్కడా కారణం కాదు. లింగ నిర్ధారణను నిషేధించడానికి 1994లో వేరే చట్టం వచ్చింది. స్కానింగ్‌లో చూసి చెప్పినవారికి మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు ఉంది. శిక్షించవలసింది ఆ డాక్టరునూ, కోడలిని ఆ స్కానింగ్‌కు తరిమిన ఇంటివారినీ. ఈ రెండు చట్టాలను కలిపి చూడటం వల్ల ఒక అన్యాయం జరుగుతోందని నా వృత్తిలో పదేపదే గమనించాను. మూడో నెలలో న్యాయంగా వచ్చిన స్త్రీని కూడా, కేసులు మీద పడతాయన్న భయంతో కొందరు డాక్టర్లు వెనక్కి పంపేస్తున్నారు.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. మా ఆయన దుబాయ్‌లో పని చేస్తారు. సెలవు మీద వచ్చి వెళ్లారు. కాపర్-టీ ఉండగానే నాకు నెల తప్పింది, ఇప్పుడు తొమ్మిదో వారం. మూడో బిడ్డను పెంచే స్థితి మాకు లేదు. ఆసుపత్రికి వెళితే భర్త సంతకం, లేకపోతే అత్తమామల సంతకం కావాలన్నారు. మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. నేనొక్కదాన్నే సంతకం పెడితే చెల్లదా?
– ఎస్., జగిత్యాల జిల్లా

సమాధానం: చెల్లుతుందమ్మా. పద్దెనిమిదేళ్లు నిండి, మానసిక ఆరోగ్యం సరిగా ఉన్న స్త్రీ విషయంలో ఆమె ఒక్కదాని సమ్మతి చాలునని చట్టంలోని 3వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ చెబుతోంది. మైనర్లకు, మానసిక రుగ్మత ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల సంతకం కావాలి. భర్త, అత్తమామలు, తల్లిదండ్రుల ప్రస్తావన అందులో లేనే లేదు. కుటుంబసభ్యుల అంగీకారం, రుజువు పత్రాలు, కోర్టు అనుమతి వంటివి అడగడానికి చట్టంలో ఎలాంటి ఆధారమూ లేదని 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మీ కారణం కూడా చట్టం గుర్తించినదే. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భం స్త్రీ మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని కలిగిస్తుందని భావించవచ్చునని చట్టమే వివరణ ఇచ్చింది. 1971లో ఈ వివరణ వివాహితలకే పరిమితమై ఉండేది. 2021 సవరణలో ‘వివాహిత, ఆమె భర్త’ అన్న చోట ‘ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి’ అని మార్చారు. ఇరవై వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. ఈ వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారన్నది గుర్తుంచుకోండి. నెల తప్పిన రోజు నుంచి లెక్క వేసుకుని ఇంకా వ్యవధి ఉందనుకునేవారు చాలామంది ఉన్నారు.

భర్తలు కోర్టుకెక్కిన సందర్భాలూ లేకపోలేదు. తన అనుమతి లేకుండా గర్భం తీయించుకున్నదంటూ భార్య మీద, డాక్టర్ల మీద ఒక భర్త వేసిన నష్టపరిహారం దావాను పంజాబ్–హర్యానా హైకోర్టు 2011లో తోసిపుచ్చగా, 2017లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వైద్యపరమైన కారణం లేకుండా, భర్తకు తెలియకుండా, అతని అంగీకారం లేకుండా గర్భం తీయించుకోవడం విడాకుల కేసులో మానసిక క్రూరత్వం కావచ్చునని 2007లో సుప్రీంకోర్టు మరొక తీర్పులో అన్నది. ఈ రెండు మాటలూ ఒకే వ్యవస్థలో పక్కపక్కన ఉండటం నాకు సమ్మతం కాదు. ఒక చేత్తో ఇచ్చిన నిర్ణయాధికారాన్ని మరో చేత్తో భయపెట్టి లాక్కున్నట్టుంది. మీ ఆయనతో ఫోనులో మాట్లాడి, ఆయనకు తెలిసేలా ఒక మెసేజ్ పెట్టి ఉంచుకోండి. అది అనుమతి కోసం కాదు, రేపు మీకు ఆసరాగా ఉంటుందని చెబుతున్నాను.

ఆసుపత్రి మళ్లీ నిరాకరిస్తే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. మీ పేరు, వివరాలు చట్టం అనుమతించినవారికి తప్ప మరెవరికి చెప్పినా డాక్టరుకు ఏడాది వరకు జైలు పడవచ్చు. కాబట్టి అత్తమ్మకు కబురు చేస్తామని ఎవరైనా బెదిరిస్తే భయపడవద్దు.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. మా ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ డాక్టరు కడుపు పోవడానికి మాత్రలు ఇస్తున్నాడు. ‘చట్టంలోనే ఆర్‌ఎంపీ చేయవచ్చని రాసి ఉంది’ అని కాగితం కూడా చూపిస్తున్నాడు. అది నిజమేనా?
– పి. ఎల్., శ్రీకాకుళం జిల్లా

సమాధానం: కాగితం నిజం, అతను చెప్పిన అర్థం అబద్ధం. చట్టంలో ఆ మూడక్షరాలకు ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ అని అర్థం. గుర్తింపు పొందిన వైద్య పట్టా ఉండి, రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో పేరు ఎక్కి, స్త్రీల వైద్యంలో నిర్ణీత అనుభవమో శిక్షణో పొందినవారికే అది వర్తిస్తుంది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అని పిలిచేది పట్టా లేకుండా సూదిమందు వేసే గ్రామీణ వైద్యుణ్ని. అతను గర్భవిచ్ఛిత్తి చేస్తే రెండేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడుతుంది.

ఆ మాత్రల మీద అపోహ పెంచడం మాత్రం నా ఉద్దేశం కాదు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అన్న ఆ రెండు మందులు తొమ్మిది వారాల లోపు, సరైన మోతాదులో, డాక్టరు పర్యవేక్షణలో వాడితే సురక్షితమైనవే. గర్భం ట్యూబులో ఉందేమో చూడకుండా, ఎన్ని వారాలో లెక్కించకుండా, రక్తహీనత ఉందో లేదో పరీక్షించకుండా ఇవ్వడంలోనే ప్రమాదమంతా ఉంది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2015లో మన దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆసుపత్రుల బయట మాత్రలతోనే జరిగాయి. చట్టం అనుమతిస్తున్న దేశంలో కూడా ఇంతమంది చాటుగానే పని ముగించుకుంటున్నారంటే, ఆసుపత్రి గడప దగ్గర వారికి ఎదురవుతున్న ప్రశ్నలు, చూపులు, సంతకాల బెడద ఎలాంటివో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ ఊళ్లో ఎవరికైనా ఆ మాత్రల తరువాత గంటగంటకూ బట్ట మార్చవలసినంత రక్తం పోతున్నా, జ్వరం వచ్చినా, భరించలేని కడుపునొప్పి వచ్చినా, ఎవరిచ్చారు అని తరువాత విచారించండి, ముందు 108కి ఫోను చేయండి.

ప్రశ్న: నేను లా విద్యార్థిని. 2022లో పెళ్లికాని యువతికి 24 వారాల వరకు గర్భవిచ్ఛిత్తికి వీలుందన్న సుప్రీంకోర్టే, 2023లో ఇద్దరు పిల్లల తల్లికి 26వ వారంలో నిరాకరించింది. ఇంతకీ మన దేశంలో ఇది స్త్రీ హక్కా, కాదా?
– ఎన్. ఎస్., విశాఖపట్నం

సమాధానం: రాజ్యాంగం వైపు నుంచి చూస్తే హక్కు, 1971 చట్టం వైపు నుంచి చూస్తే డాక్టరుకిచ్చిన రక్షణ. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే మీరు చెప్పిన రెండు కేసులూ నలిగాయి.

బిడ్డను కనడం, కనకపోవడం గురించి నిర్ణయించుకునే స్వేచ్ఛ 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2021 సవరణ వల్ల 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అవకాశం వచ్చింది. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భవతిగా ఉండగా వితంతువులైనవారు, విడాకులు పొందినవారు, వికలాంగులు మొదలైనవారు ఆ జాబితాలో ఉన్నారు. 2022లో కోర్టుకు వచ్చిన ఇరవై అయిదేళ్ల యువతి రైతు కుటుంబంలో ఐదుగురు పిల్లల్లో పెద్దది. ప్రేమించినవాడు పెళ్లికి నిరాకరించాడు. అవివాహితలు జాబితాలో లేరని ఢిల్లీ హైకోర్టు ఆమెను కాదన్నది. పెళ్లయినవారికి, కానివారికి మధ్య అలాంటి గీత గీయడం సమానత్వానికి విరుద్ధమని జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం తేల్చింది. ఈ చట్టం వరకు భర్త చేసిన బలాత్కారం కూడా అత్యాచారం కిందికే వస్తుందని అదే తీర్పులో ఉంది. మైనర్ బాలికలు వచ్చినప్పుడు పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారమిచ్చే డాక్టరు, బాలిక, సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని కూడా అందులో చెప్పారు. ఈ చివరి అంశాన్ని పరీక్షల కోసం కాకుండా, రేపటి మీ వృత్తి కోసం గుర్తుపెట్టుకోండి.

2023 కేసు నన్ను ఇంకా వెంటాడుతోంది. ప్రసవానంతర మానసిక రుగ్మతకు మందులు వాడుతున్న ఆ తల్లి, చంటిబిడ్డకు పాలిస్తూ నెలసరి రాకపోవడం మామూలే అనుకుని, గర్భాన్ని ఆలస్యంగా గుర్తించింది. మన తెలంగాణ హైకోర్టుకు ఒకప్పుడు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నాగరత్న అక్టోబరు 9న అనుమతించారు. బిడ్డ బతికే అవకాశముందని ఎయిమ్స్ డాక్టరు తెలియజేయడంతో 11వ తేదీన ఇద్దరు న్యాయమూర్తులూ భిన్నాభిప్రాయాలకు వచ్చారు. 16వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం నిరాకరించింది. 24 వారాలు దాటితే పిండంలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు చెప్పాలి, లేదా తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణ అవసరమై ఉండాలి. ఆమె ఈ రెండింటిలోకీ రాలేదు. చట్టం అక్షరం ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టడం కష్టం. కానీ వారం రోజుల పాటు అవునని, కాదని, మళ్లీ కాదని విన్న ఆ స్త్రీ మనసు ఏమైందో ఏ తీర్పు ప్రతిలోనూ ఉండదు.

నా అభిప్రాయం దాచుకోను. ఆరేడు నెలల గర్భం విషయంలో పుట్టి బతకగల బిడ్డ గురించి సమాజం ఆలోచించడం న్యాయమే. మొదటి పన్నెండు వారాలలో మాత్రం స్త్రీ అడిగితే చాలు, కారణం చెప్పవలసిన అవసరం ఉండకూడదు. ఇప్పటి చట్టంలో ఒకటో వారం నుంచీ డాక్టరు అభిప్రాయమే ఆధారం. మంచి డాక్టరు దొరికిన చోట ఆ చట్టం ఉదారంగా కనిపిస్తుంది. దొరకని చోట అదే చట్టం తలుపు మూసేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో డల్లాస్‌లో ఉంటున్నారు. అమ్మాయికి పంతొమ్మిదో వారంలో తీసిన స్కానింగ్‌లో బిడ్డ పుర్రె ఏర్పడలేదని, పుట్టినా బతకదని చెప్పారు. అక్కడి డాక్టరు ‘ఇక్కడ మేమేమీ చేయలేము’ అన్నారట. అంత పెద్ద దేశంలో ఇదేమిటి? ఇండియాకు రప్పించమంటారా?
– ఆర్. వి., ఏలూరు

సమాధానం: అమ్మా, ఈ పరిస్థితిలో మీ అమ్మాయికి మీరు దూరంగా ఉండటం ఎంత నరకమో ఊహించగలను. గర్భవిచ్ఛిత్తి హక్కును 1973లో గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న కొట్టివేసింది. అప్పటి నుంచి ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది. టెక్సాస్‌లో తల్లి ప్రాణానికో, ముఖ్యమైన శరీర వ్యవస్థకో తీవ్ర ప్రమాదం ఉంటే తప్ప గర్భవిచ్ఛిత్తి నేరం; చేసిన డాక్టరుకు యావజ్జీవం దాకా శిక్ష, కనీసం లక్ష డాలర్ల జరిమానా. బిడ్డ బతకదని తెలిసినా అక్కడ మినహాయింపు లేదు. 2023 డిసెంబరులో డల్లాస్ ప్రాంతానికే చెందిన కేట్ కాక్స్ అన్న ఇద్దరు పిల్లల తల్లి, ప్రాణాంతకమైన జన్యులోపమున్న గర్భం విషయంలో కోర్టును ఆశ్రయిస్తే టెక్సాస్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆమె వేరే రాష్ట్రానికి వెళ్లవలసి వచ్చింది. అందువల్ల మీ అమ్మాయి డాక్టరును నిందించకండి. ఆవిడ చేతులను చట్టం కట్టేసింది.

ప్రాణానికి ముప్పు వస్తేనే చేస్తామనడంలో ఉన్న ప్రమాదాన్ని మన పొరుగున బెళగావి నుంచి ఐర్లాండుకు వెళ్లిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ మరణం లోకానికి చూపించింది. 2012 అక్టోబరులో పదిహేడో వారంలో గర్భం నిలవదని తేలిపోయినా, పిండం గుండె కొట్టుకుంటోందన్న కారణంతో ఆమెకు గర్భవిచ్ఛిత్తి చేయలేదు. ఆమె ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి చనిపోయింది. ఐర్లాండు ప్రజలు 2018 మే 25న జరిగిన రెఫరెండంలో 66 శాతానికి పైగా ఓట్లతో ఆ రాజ్యాంగ నిషేధాన్ని తీసివేశారు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. వేరే రాష్ట్రానికి వెళ్లి గర్భవిచ్ఛిత్తి చేయించుకున్న స్త్రీని టెక్సాస్ చట్టం శిక్షించదు. పక్కనే ఉన్న న్యూ మెక్సికోలోనూ, కొలరాడోలోనూ ఇది చట్టబద్ధమే, వారాల పరిమితి కూడా లేదు. డల్లాస్ నుంచి విమానంలో రెండు గంటల దూరం. స్కానింగ్ రిపోర్టుల ప్రతులన్నీ ముందుగానే చేతికి తీసుకోమనండి. అల్లుడిని తోడు వెళ్లమనండి, ఒకవేళ ఆయనకు సందేహాలుంటే అక్కడి న్యాయవాదిని ఒక్కసారి అడిగి తెలుసుకోమనండి. ఇండియాలోనూ ఈ లోపానికి అనుమతి ఉంది; 24 వారాలు దాటినా మెడికల్ బోర్డు మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలని నిబంధన ఉంది. కానీ ఆ స్థితిలో ఇరవై గంటలకు పైబడిన ప్రయాణం, ఇక్కడ మళ్లీ స్కానింగులు, బోర్డు ముందు హాజరు, ఇవన్నీ ఆమెకు అనవసరమైన శ్రమ. ఆమెను రప్పించే బదులు, వీసా ఉంటే మీరే బయలుదేరి వెళ్లండి.